డైరీలో నేను పుణ్యాత్ముణ్ణి

నేను చేసిన మంచిపనులు ఎవరికీ తెలియకుండా పోతాయేమోనని నాకు చచ్చే భయం. అందుకే భూగోళానికి చేస్తున్న సేవంతా రాసిపెట్టుకోడానికి అట్టమీద ఆకుపచ్చ చెట్టున్న ఖరీదైన డైరీ కొన్నాను. మంచిపని చేసి నోరు మూసుకుని కూర్చోవడం మీకు మాత్రం చేతనవుతుందా? నిజం చెప్పండి.

దీనంతటికీ కారకుడు థోరో అనే రచయిత. 1850లలో అమెరికాలోని కాంకర్డ్‌లో ఏ పువ్వు ఎప్పుడు పూసిందో ఆయన రాసుకున్నాడు. నూటయాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ తేదీలు ముందేసుకుని, వేడి పెరిగి పూలు ముందే పూస్తున్నాయని తేల్చారు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. రేపు నా డైరీ కోసం విశ్వవిద్యాలయాలు కొట్టుకుచస్తే, దస్తూరీ బాగోలేదని నవ్వరూ? కొత్త పెన్ను కూడా కొన్నాను.

ఇక రాశాను చూడండి! ‘పళ్లు తోముకుంటూ కుళాయి కట్టేశాను.’ ‘కూరగాయలకి గుడ్డసంచీ పట్టుకెళ్లాను.’ సంచీ మరిచిపోయిన రోజున అక్కడే కొత్తది కొని, అదీ సేవ కిందే జమ వేశాను. మా తలుపు వెనక వేలాడే సంచులన్నీ విప్పి కలిపితే పెళ్లికి షామియానా కుట్టించొచ్చు. ఈ పుణ్యమంతా రాసింది ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని, మెడదాకా రగ్గు కప్పుకుని. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని ప్రభుత్వం రూలు పెట్టింది. ఆ రూలుని నేను రోజూ రాత్రి రిమోట్ మీద ఆరు నొక్కుల్లో రద్దు చేసేవాణ్ణి.

ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం వచ్చింది. అపార్ట్‌మెంట్ వాళ్లు నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. అంటే, నేనే అడిగించుకున్నాను. డైరీ తెరిచాను, గొంతు సవరించుకున్నాను, కుళాయి చదివాను, చప్పట్లు, సంచీ చదివాను, చప్పట్లు, ఊపులో పేజీ తిప్పాను, ఊపులోనే చదివేశాను: ‘పాలవాడికి బాకీ. కరెంటు బిల్లు మళ్లీ డబులు. నడి ఎండాకాలంలో ఈయన రగ్గులు ఉతకలేక చస్తున్నా.’

మా ఆవిడ దస్తూరీ! ఖాళీ కాగితం కనిపిస్తే పద్దు రాసేస్తుంది మహాతల్లి. ఆ పూట అందరికంటే పెద్ద చప్పట్లు ఆ పేజీకే పడ్డాయి.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. ఏసీ గంటకో యూనిట్ తాగుతుందనుకున్నా, రాత్రికి ఎనిమిది. ఒక్కో యూనిట్‌కి అరకిలో పైనే బొగ్గు మండాలి. అంటే నాలుగు కిలోల బొగ్గు తగలేసి, గ్లాసుడు నీళ్లు మిగిల్చానని వెచ్చగా రగ్గులో కూర్చుని రాసుకున్నానన్నమాట. థోరో డైరీ నిండా పూలున్నాయి. నా డైరీ నిండా నేనున్నాను. మొత్తం పుస్తకంలో పరిశోధకుడికి పనికొచ్చేది మా ఆవిడ రాసిన ఆ కరెంటు బిల్లు ఒక్కటే.

ఇప్పుడు డైరీ ఆవిడ చేతుల్లోనే ఉంది. మీటరు రీడింగు, బిల్లు, తేదీ, అంతే. నేను బుద్ధిగా ఏసీ 24లో పెట్టి ఫ్యాను వేసుకుంటున్నాను. ఆ సంగతి మాత్రం ఆవిడ ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. మాటల సందర్భంలో గుర్తుచేసి కూడా చూశాను.