జాకీ భక్తుడు

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాడికి జాకీ భక్తి వెంటనే పట్టదు. ముందు లావుపాటి టైర్లు వస్తాయి, తరవాత నెత్తిన లైట్లు వెలుస్తాయి, అప్పుడు గానీ నాలుగడుగుల ఇనప జాకీ వెనక స్టెప్నీ మీదకి ఎక్కదు. దాని పేరు హై-లిఫ్ట్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1905 నుంచి తయారవుతోంది. అక్కడి రైతులు ట్రాక్టర్లు ఎత్తడానికీ, కంచె గుంజలు పీకడానికీ వాడుకున్న సరుకు. భక్తుడికి పొలమూ లేదు, కంచే లేదు. గచ్చిబౌలిలో ఆఫీసు, నల్లగండ్లలో అపార్టుమెంటు, రెండు చోట్లా సెల్లార్ పార్కింగు. పదమూడు కిలోల ఇనుము రోజూ ఈ రెంటి మధ్యా ఊరేగి వస్తుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందని మాత్రం సర్వీసు సెంటరువాళ్లని నిలదీస్తాడు.

ఆదివారం అనంతగిరి కొండల దారిలో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు భక్తుడు మాట్లాడేది టన్నుల గురించే. “మూడు టన్నులు అవలీలగా లేపుతుంది బ్రో” అంటాడు. నిజానికి టన్నుల దగ్గర ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాదు. జిమ్నీ బండి ఖాళీ బరువు సుమారు 1200 కిలోలు. టైరు మార్చేటప్పుడు ఎత్తేది బండిని కాదు, ఒక మూలని. అసలు చూడాల్సినవి రెండు: జాకీ బండిని ఎక్కడ పట్టుకుంటుంది, నేల మీద ఎలా నిలబడుతుంది. వికారాబాద్ రోడ్డులో పంక్చర్ షాపు కుర్రాడు ఒక్కసారి చూసి అడిగే ప్రశ్న కూడా ఇదే: “సార్, దీన్ని యాడ పెడ్తరు? బంపర్ ప్లాస్టిక్ ఉన్నది గద!”

దీనికి భక్తుడి దగ్గర జవాబుండదు. హై-లిఫ్ట్ నాలుకకి గట్టి ఇనప బంపరో, పక్కన ఛాసీకి బిగించిన ఇనప గొట్టమో కావాలి. కంపెనీ నుంచి వచ్చిన బంపరుకి తగిలిస్తే బంపరే పైకొస్తుంది, బండి కిందే ఉంటుంది. పట్టు దొరికినా అది ముందు ఎత్తేది బాడీని. స్ప్రింగులు సాగుతూ చక్రం కిందికి వేలాడుతుంది, టైరు నేల విడిచేసరికి బండి బాగా పైకి పోయి సన్నటి స్తంభం మీద ఊగుతుంటుంది. దించేటప్పుడు ఇంకా ప్రమాదం. ప్రతి దెబ్బకీ బరువంతా హ్యాండిల్ మీదికి వస్తుంది. చెయ్యి జారిందా, హ్యాండిల్ విసురుగా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఆ దారిలో దవడ ఉంటే దవడ, మణికట్టు ఉంటే మణికట్టు. తెలిసినవాళ్లు తలని ఎప్పుడూ హ్యాండిల్ దారికి పక్కగా ఉంచుకుంటారు. భక్తుడు మాత్రం వీడియో కోసం దాని మీదికే వంగుతాడు.

ఇక నేల. ఈ జాకీ అడుగు పలక సుమారు 4 అంగుళాలకి 7 అంగుళాలు, అంటే 28 చదరపు అంగుళాలు. వాన పడ్డ నల్లరేగడిలో దాని మీద నాలుగైదు వందల కిలోలు పెడితే బండి లేవదు, జాకీ దిగబడుతుంది. అడుగున అడుగు చదరం మందపాటి ప్లైవుడ్ ముక్క వేస్తే బరువు 144 చదరపు అంగుళాల మీద పరుచుకుంటుంది, అంటే నేల మీద ఒత్తిడి అయిదో వంతుకి పడిపోతుంది. వడ్రంగి దుకాణంలో ఊరికే ఇచ్చే ముక్క ఇది. ఊరికే వచ్చేదాన్ని స్టెప్నీ మీద బిగించుకుని తిరిగితే ఎవరూ ఫొటో తియ్యరు కాబట్టి భక్తుడి సామానులో అది కనిపించదు.

కంపెనీ ఇచ్చే సిజర్ జాకీ తారు రోడ్డుకి చాలు. పెద్ద టైర్లు వేశాక దాని ఎత్తు చాలదు. సైలెన్సర్ పొగతో ఉబ్బే సంచి జాకీ ఇసకలో బాగా పనిచేస్తుంది, సూర్యలంక బీచికి సరే. సర్కారు తుమ్మ ముళ్లున్న చెరువు గట్టు మీద మాత్రం టైరుతోపాటు జాకీకీ పంక్చరే.

చాలామందికి సరిపడేది లారీవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న బాటిల్ జాకీ. ఆక్సిల్ కిందే పెడతారు కాబట్టి స్ప్రింగులు సాగే గొడవ లేదు, కాస్త ఎత్తితే చక్రం తేలుతుంది. కొనేటప్పుడు రెండు కొలతలు చూడాలి: గాలి పోయిన టైరుతో కిందికి దిగిన ఆక్సిల్ కింద పట్టేంత పొట్టిగా ఉండాలి, గాలి నిండిన స్టెప్నీ ఎక్కేంత పైకి లేవాలి. జిమ్నీకి ముందూ వెనకా ఆక్సిల్ గొట్టం ఉంటుంది. 2020 నుంచి వస్తున్న థార్‌కి వెనక మాత్రమే. ముందు చక్రానికి యజమాని పుస్తకంలో చూపిన చోటే పెట్టాలి. ఆ పుస్తకం గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుంది.

ఏ జాకీ అయినా వరస ఒకటే. చదునైన చోటు, హ్యాండ్ బ్రేకు, ఎత్తని చక్రాలకి అటూ ఇటూ రాళ్లు, తరవాత నట్లు కొంచెం వదులు చేసుకోవడం, ఆపైన ఎత్తడం. గేరులో ఉంది కదా అని రాళ్లు మానెయ్యకూడదు. వెనక చక్రాలతో నడిచే బండిలో ఒక వెనక చక్రం గాలిలోకి లేస్తే డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని తిరగనిస్తుంది, గేరు పట్టు పోతుంది. లారీ క్లీనరు డ్రైవరు దిగకముందే చెక్క దిమ్మె వేసేది ఊరికే కాదు. జాకీ మీదున్న బండి కిందికి మనిషి దూరకూడదు. ఊడదీసిన చక్రాన్ని ఛాసీ కిందికి తోసి ఉంచితే, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

ఇవన్నీ విన్నాక భక్తుడు బాటిల్ జాకీ కూడా కొంటాడు. దాన్ని నిలబెట్టి ఉంచాలి, పడుకోబెడితే నూనె కారి, లోపల గాలి చేరి, ఎంత పంపు కొట్టినా లేవనంటుంది. కానీ డిక్కీలో నిలబెట్టే చోటు కాఫీ మెషినుది.