సద్గుణాలకు అరగంట

నాలుగేళ్లలో ఇంజనీరింగ్ కాలేజీ నేర్పలేనిది అమీర్‌పేట మూడు నెలల్లో నేర్పేస్తుంది. జావా, టెస్టింగ్ పాతబడ్డాయి. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద ఇప్పుడు వ్యక్తిత్వం కూడా అమ్మకానికుంది. ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు.

గిరాకీ లేనిదే సరుకు రాదు. "పని మేం నేర్పుకుంటాం, మాకు మంచి మనిషి కావాలి" అన్నది ఇప్పుడు ప్రతి హెచ్‌ఆర్ నోటా వినిపించే మాట. వినడానికి ఎంత హాయిగా ఉందో! పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఎక్కడ 60 శాతం తగ్గినా దరఖాస్తే ముట్టుకోని సంస్థ అంటున్న మాట ఇది.

సరే, ఆ మంచి మనిషిని పట్టే పద్ధతి చూద్దాం. ముందు గ్రూప్ డిస్కషన్. పదిమందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఏదో ఒక విషయం మధ్యలో పడేసి వదిలేస్తారు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగినవాడు మొదటే ఔట్. ఓపికగా వినే గుణానికి మార్కులున్న మాట నిజమే, కాకపోతే దాన్నీ గట్టిగా మాట్లాడే నిరూపించుకోవాలి.

ఆ తర్వాత హెచ్‌ఆర్ రౌండు. "మీ బలహీనత ఏమిటి?" "పొద్దున్నే లేవలేనండి" అన్నవాడు నిజం చెప్పాడు, బస్సెక్కి ఇంటికెళ్లాడు. "పని లోపం లేకుండా పూర్తయ్యేదాకా నిద్రపట్టదు సార్, అదే నా బలహీనత" అని కంఠతా పట్టినది ఒప్పజెప్పినవాడికి నిజాయితీ గడిలో టిక్కు పడింది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో మాటలు పేర్చుకునే ఖమ్మం కుర్రాడు రెండు క్షణాలు తడుముకుంటే ఆత్మవిశ్వాసం లేదంటారు. ఇంటర్నేషనల్ స్కూల్లో చదివిన అబ్బాయి అంతే సేపు ఆగితే, ఆచితూచి మాట్లాడే మనిషట!

అమెరికాలో హైర్‌వ్యూ అనే సంస్థ అభ్యర్థుల ముఖకవళికలను కంప్యూటర్‌తో చదివించేది. విమర్శలు ముసురుకున్నాక ఆ పని మానుకున్నట్టు 2021లో ప్రకటించింది. మన హెచ్‌ఆర్‌లకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు, కుర్చీలో కూర్చున్న తీరు చాలు.

రోగి పక్కన నిలబడే నర్సుకూ, క్యాష్ కౌంటర్లో కూర్చునేవాడికీ మంచితనం అక్కర్లేదని ఎవరూ అనరు. అది అరగంటలో తేలిపోతుందన్నదే అబద్ధం. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల నియామక అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కతీశారు. కాస్త పని చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడగడం ముందు వరసలో నిలిచాయి. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ వాటి వెనక పడింది. చేతిరాత చూసి స్వభావం చెప్పే విద్య దాదాపు సున్నా. మన కేంద్ర ప్రభుత్వమైతే కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే ఎత్తేసింది. ప్రైవేటువాళ్లు మాత్రం రౌండు మీద రౌండు పెంచుకుంటూ పోతున్నారు.

ఇంతకీ గుణపరీక్ష ఒకవైపే ఎందుకు? 2022లో ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టి, 2024 దాకా జాయినింగ్ తేదీ చెప్పకుండా పిల్లల్ని హాస్టళ్లలో కూర్చోబెట్టిన కంపెనీలున్నాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఏ రౌండులోకి వస్తుందో మరి. మనం మానేయాలంటే 90 రోజుల నోటీసు. వాళ్లు తీసేయాలంటే సాయంత్రానికల్లా లాగిన్ పనిచేయదు. అప్పుడే కాలేజీ దాటిన పిల్లవాణ్ణి రెండేళ్ల అనుభవం చూపించమంటారు కాబట్టే, అమీర్‌పేటలో ఒక అంతస్తులో నిజాయితీ నేర్పుతుంటే పై అంతస్తులో దొంగ అనుభవం సర్టిఫికెట్లు అచ్చవుతున్నాయి.

ఇంటర్వ్యూ చివర్లో "మమ్మల్నేమైనా అడగాలా?" అంటారు. జీతం, జాయినింగ్ తేదీ అడగొద్దని, స్వార్థం బయటపడుతుందని కోచింగ్ మాస్టారు ముందే హెచ్చరించి పంపుతాడు. "మీ సంస్థ విలువల గురించి చెప్పండి సార్" అనాలి. ఆ జవాబు వింటున్నంతసేపూ నవ్వు ఆపుకోగలిగితే ఉద్యోగం ఖాయం.