నంద్యాల–ఆళ్లగడ్డ దారిలో దర్శనం గలవారికి కొన్ని సూచనలు

ముందు దర్శనం ఉండాలి బ్రదర్. డబ్బు సంగతి తర్వాత. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రేమవిందులో చేయి కడుక్కుంటూ ఉండగా కలిగే దర్శనం శ్రేష్ఠమైనది. అందులో ఊరి పేరు స్పష్టంగా లేకపోయినా పర్వాలేదు, "రాయలసీమ, కరువు ప్రాంతం" అంటే చాలు. నంద్యాల చుట్టూ కేసీ కెనాల్ కింద వరి పండుతుందని, అక్కడి సోనా బియ్యానికి పేరుందని ఎవరైనా అంటే వినిపించుకోవద్దు. పచ్చటి మడి ఫోటోకి కానుకలు రావు. కుందూలో నీళ్లు అడుగంటిన నెల చూసుకుని టికెట్ కొనండి.

నంద్యాలలో హోలీ క్రాస్ కెథడ్రల్ కనిపిస్తే కారు ఆపవద్దు. ఆపితే ఎవరో ఒక పెద్దాయన తగులుకుని చరిత్ర ఎత్తుకుంటాడు. చాగలమర్రి మండలం ముత్యాలపాడులో ఆంగ్లికన్ల ఎస్పీజీ మిషను పందొమ్మిదో శతాబ్దంలోనే పాతుకుందనీ, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అందులో కలిసేది లేదని మొండికేశారనీ, 1963లో వాళ్లకు వేరే డయాసిస్ అయిందనీ, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ కలవలేదనీ చెబుతాడు. బిషప్పులు కుదిర్చిన ఐక్యతనే తమకు నచ్చినప్పుడు ఒప్పుకున్న జనం అని తెలిశాక, మీ ఐదేళ్ల ప్రణాళిక వినిపించడానికి నోరు పెగలదు. కాబట్టి ఆ ప్రాంతంలో సువార్త మీతోనే మొదలైందని అనుకోవడం అన్ని విధాలా క్షేమం.

ఇక బోరు. బోరు వేయించని దాత దాతే కాదు. స్థలం ఎంపికలో నీటి జాడకన్నా రోడ్డు ముఖ్యం. కారు దిగగానే కనపడాలి. తర్వాత శిలాఫలకం. ఈ విషయంలో మీరు అదృష్టవంతులు, ఆళ్లగడ్డ శిల్పులు నాలుగు తరాలకు చెక్కుచెదరని పని చేస్తారు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే చేతులతో మీ పేరు, మీ శ్రీమతి పేరు, స్వర్గస్థులైన తల్లిదండ్రుల పేర్లు చెక్కించుకోండి. డిగ్రీలు మరవొద్దు. పంపు కన్నా ఫలకం ఎత్తుగా ఉండేలా చూడండి. రెండేళ్లకు పంపులో వాషరు అరిగి చేతిపిడి ఊరికే కిందామీదా ఆడుతుంది, ఆడవాళ్లు బిందెలు తీసుకుని మళ్లీ ట్యాంకరు దగ్గరికే పోతారు. వాషరుకి డబ్బు పంపవద్దు. వాషరు మీద పేరు రాయడానికి చోటుండదు. ఫలకం ఎటూ పనికొస్తుంది, సాయంత్రం దాని మీద గొర్రెల కాపరులు కూర్చుంటారు.

కుట్టుమిషన్లు ఇచ్చేటప్పుడు వరసగా పెట్టి, ఒక్కో దాని వెనక ఒక్కో అమ్మాయిని నిలబెట్టి, పైన ఫ్లెక్సీ కట్టించండి. గుడ్డ ఎక్కడ కొంటారు, కుట్టింది ఎవరు కొంటారు అన్నది ఆ అమ్మాయిల విశ్వాసానికి సంబంధించిన సంగతి.

పిల్లల హాస్టలు పెడితే దాన్ని అనాథాశ్రమం అనే పిలవండి. పిల్లవాడి తల్లి పత్తి తీతకు పోతూ నెలకోసారి వచ్చి చూసిపోయినా సరే, దాతలకు రాసే ఉత్తరంలో ఆమెను రానివ్వకండి. తల్లి ఉన్న పిల్లవాడికి నెలనెలా పంపే దాత దొరకడం కష్టం. ఆ డబ్బేదో తల్లికే ఇస్తే పిల్లవాడు ఇంట్లోనే పెరుగుతాడు కదా అని అడిగేవాళ్లను కమిటీలోకి తీసుకోకండి. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద రిజిస్ట్రేషన్ అంటారా, ప్రార్థనలో పెట్టండి.

వార్తాలేఖలో ఫోటో కింద పేరు, ఊరు, ఇంటిపేరు అన్నీ వేయించండి: "మారుమనస్సు పొందిన కుటుంబం". 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో లెక్కిస్తారు. రేపు ఆ ఇంటి పిల్ల కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నప్పుడు మీ వార్తాలేఖ ఎవరి ఫోన్లోంచి బయటికొస్తే మీకేం?

బాప్తిస్మాల లెక్కలో ఆలస్యం చేయవద్దు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఇక్కడే తప్పటడుగు వేశాడు. 1876–78 ధాతు కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనికి కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడితే, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వనన్నాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది. అయినా అంతకుముందు ఏడాదికి పైగా రిపోర్టులో సున్నా చూపించాడంటే, ఈ రోజుల్లో ఏ బోర్డు ఊరుకుంటుంది?

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మరీ అన్యాయం. 1866 కరువులో వచ్చినవాళ్లకు వచ్చినట్టు గంజి పోయించాడు. ఏ దేవుణ్ణి మొక్కుతావని అడిగి విస్తరి వేయలేదు. విక్టోరియా రాణి పతకం పంపింది, రేనాటి జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు. ఒక్క ఫ్లెక్సీ లేదు.

డబ్బు పంపడం గురించి. మీరు విదేశీ పౌరులైతే మీ కానుక విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. 2020 సవరణ ప్రకారం అది ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి, తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు బదలాయించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఇదంతా దర్శనం లేనివాళ్లకు. మీరు నేరుగా పల్లె అయ్యగారి బావమరిది ఖాతాకు కొట్టేయండి. నోటీసు వస్తే వచ్చేది ఆళ్లగడ్డకు, టెక్సాస్‌కు కాదు. అలాగే ఓసీఐ కార్డుతో వచ్చి మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలని 2021 నోటిఫికేషన్ చెబుతోంది. మీరు సభల్లో ప్రసంగించి విమానం ఎక్కేయండి. షామియానా వేసినవాడు స్టేషన్లో సమాధానం చెప్పుకుంటాడు.

అక్కడివాళ్లు ఇచ్చేది లెక్కలోకి తేవద్దు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి ఆదివారం గుడికి తెచ్చే అలవాటు తెలుగు సంఘాల్లో పాతది. దోర్నకల్‌లో అజరయ్య బిషప్పు దాని మీదే సంఘాన్ని నిలబెట్టే ప్రయత్నం చేశాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభకు వెళ్లి, దొరలు ఇచ్చేవన్నీ ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదని మొహం మీదే అన్నదీ ఆయనే. అలాంటివాణ్ణి మీ వేదిక మీదకు పిలవకండి. బియ్యం తెచ్చిన అవ్వను మాత్రం పిలిచి చీర ఇవ్వండి. ఆమె ఇచ్చినామె అన్న సంగతి ఫోటోలో కనపడదు.

చివరికి ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. మీరు తిరిగి వెళ్లాక ఏదో ఒక రాత్రి అయ్యగారు ఫోన్ చేస్తారు. "సార్, మన సంఘంలో ఒకాయనకు డయాలసిస్. వారానికి రెండు మార్లు కర్నూలు పోయి రావల్ల. బస్సు చార్జీలకే ఇబ్బందిగా ఉంది." ఇందులో ప్రారంభోత్సవం లేదు, రిబ్బన్ లేదు, బస్సు టికెట్టు వెనక మీ పేరు అచ్చు వేయరు. "తప్పకుండా ప్రార్థిద్దాం బ్రదర్" అనండి. వచ్చే పర్యటన తేదీలు వాట్సాప్‌లో పెడతానని చెప్పి, ఫ్లెక్సీ సైజు ఇప్పుడే అడిగి రాసుకోండి.