ఉండగా అమూల్యం, వెళ్లాక మామూలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో డిసెంబర్, జనవరి నెలలొస్తే అసిస్టెంట్ కోచ్‌లు సామాను సర్దుకుంటారు. గెలిచిన జట్టులో డిఫెన్స్ చూసుకునేవాణ్ణి ఇంకో యూనివర్సిటీ హెడ్ కోచ్‌గా రమ్మంటుంది. అఫెన్స్ నడిపేవాణ్ణి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఎగరేసుకుపోతుంది. ఎక్కువ జీతం, పెద్ద కుర్చీ ఇస్తామంటే వద్దనేవాడెవడు? కాబట్టి నా గొడవ వెళ్లేవాడితో కాదు. అతను వెళ్లిన మర్నాడు కాలేజీవాళ్లు మొదలుపెట్టే నాటకంతో.

ముందుగా ఒక ప్రకటన వస్తుంది. ఏ కాలేజీ అయినా ముక్కలు అవే. ఆయన సేవలకు ధన్యవాదాలు. ఆయన కుటుంబానికి శుభాకాంక్షలు. మా పద్ధతి ఏ ఒక్క మనిషి మీదా ఆధారపడింది కాదు. కొత్తవాడి కోసం దేశమంతా గాలిస్తాం. ఈ ఆఖరి ముక్కంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. సోమవారం గాలింపు మొదలవుతుంది, బుధవారానికల్లా పక్కగదిలో కూచున్నవాడు దొరుకుతాడు. అభిమానులు హమ్మయ్య అనుకుంటారు. డల్లాస్‌లోనో కొలంబస్‌లోనో స్థిరపడ్డ మనవాళ్లు కూడా ఆ ప్రకటనని వాట్సాప్‌లో పంపి, కింద ఓ దణ్ణం బొమ్మ పెడతారు.

"ఏ ఒక్క మనిషి మీదా ఆధారపడలేదు" అన్న మాట నిజమే అనుకుందాం. మరి ఆ ఒక్క మనిషికి అంత జీతం ఎందుకిచ్చినట్టు? లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అందరూ ఎల్ఎస్‌యూ అంటారు, 2018లో తన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డేవ్ అరాండాకి నాలుగేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. ఏడాదికి 25 లక్షల డాలర్లు. అప్పటి మారకంలో దాదాపు పదహారు కోట్ల రూపాయలు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆనాటికి ఏ అసిస్టెంటుకీ అంత జీతం లేదు. అలాంటివాడు ఇంకొకడు దొరకడనేగా అంత పోశారు? జీతం రాసిచ్చేటప్పుడు దొరకనివాడు, రాజీనామా ఇచ్చేసరికి వీధికొకడు ఎలా దొరుకుతాడో ఎల్ఎస్‌యూనే అడగాలి. అడగనక్కర్లేదు కూడా, మైదానమే చెప్పింది.

2019 సీజన్‌లో ఎల్ఎస్‌యూ ఆడిన 15 ఆటలూ గెలిచింది. మొత్తం 726 పాయింట్లు కొట్టింది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జో బరో ఒక్కడే 60 టచ్‌డౌన్ పాసులు వేశాడు. అంతకుముందు ఏడాది దాకా బరువుగా, మొరటుగా ఆడే జట్టు ఉన్నట్టుండి బంతిని గాల్లో ఆడించడం నేర్చుకుంది. నేర్పినవాడు జో బ్రేడీ. వయసు ముప్పై. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌లో చిన్న ఉద్యోగం చేసుకుంటూ ఉంటే పిలిచి పాసింగ్ గేమ్ అప్పజెప్పారు. 2020 జనవరి 13న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన ఫైనల్లో క్లెమ్సన్‌ని 42-25తో ఓడించి జాతీయ ఛాంపియన్లయ్యారు. వారం తిరగలేదు. బ్రేడీ ఎన్ఎఫ్ఎల్ జట్టు కరోలినా పాంథర్స్‌కి, అరాండా హెడ్ కోచ్‌గా బేలర్ యూనివర్సిటీకి వెళ్లిపోయారు. ఊరేగింపు పూలు వాడకముందే రెండు గదులూ ఖాళీ.

హెడ్ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ ఏం చేశాడు? పేరున్నవాళ్లని తెచ్చాడు. అరాండా కుర్చీలో బో పెలీనీ కూచున్నాడు. 2007లో ఎల్ఎస్‌యూ ఛాంపియన్ అయినప్పుడు డిఫెన్స్ చూసింది అతనే. జీతం ఏడాదికి 23 లక్షల డాలర్లు. బ్రేడీ స్థానానికి ఎన్ఎఫ్ఎల్‌లో హెడ్ కోచ్‌గా కూడా చేసిన స్కాట్ లినహాన్‌ని తీసుకొచ్చాడు. పాతవాళ్లే, పెద్దవాళ్లే, అనుభవజ్ఞులే. కాగితం మీద చూస్తే పోయినవాళ్ల కంటే వచ్చినవాళ్లే బరువు. వచ్చీరాగానే పెలీనీ అరాండా పెట్టిన అమరిక మార్చి తనది పెట్టాడు. కొత్త కోడలు వంటింట్లో డబ్బాలన్నీ తన వరసలో సర్దుకున్నట్టు.

2020 సెప్టెంబర్ 26. లక్షమందికి పైగా పట్టే టైగర్ స్టేడియంలో కోవిడ్ వల్ల నాలుగో వంతు జనమే. ఎదురుగా మిసిసిపీ స్టేట్. వాళ్ల కోచ్ మైక్ లీచ్ ఎన్నో ఏళ్లుగా ఆడించేది ఒకటే ఆట. ఆటగాళ్లు మైదానాన్ని అడ్డంగా, ఒకరి దారికి ఒకరు అడ్డుపడుతూ పరిగెత్తుతారు. బంతి వెంటనే చేతినుంచి వెళ్లిపోతుంది. ఫుట్‌బాల్ చూసే పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు ఆ సంగతి. పెలీనీ తన కుర్రాళ్లకి ఏం చెప్పాడంటే, ఒక్కొక్కడూ ఒక్కొక్కణ్ణి అంటిపెట్టుకుని పరిగెత్తమన్నాడు. ఎదుటివాడు తనవాణ్ణే అడ్డం పెట్టి తప్పించుకుపోతుంటే, వీళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ వెనక పరుగు. మొదటి పావుగంటలోనే జరుగుతున్నది అందరికీ కనబడింది. పెలీనీకి మాత్రం ఆట అయ్యేదాకా కనబడలేదు. మిసిసిపీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కె.జె. కాస్టెల్లో ఆ రోజు పాసులతో 623 గజాలు సంపాదించాడు. ఈ రెండు జట్లూ ఆడే ఆగ్నేయ కాన్ఫరెన్స్ చరిత్రలో అది రికార్డు. జాతీయ ఛాంపియన్లు సొంత గడ్డ మీద 44-34తో ఓడారు. రెండు వారాల తర్వాత మిస్సోరీ చేతిలో 45-41తో ఓడిన ఆటలో అయితే, చివర్లో గోల్ గీతకు గజం దూరంలో నాలుగు అవకాశాలొచ్చాయి. నాలుగూ పోయాయి. డిఫెన్సేమో పరాయివాళ్లని ఆపలేదు, అఫెన్సేమో గజం నడవలేదు. సీజన్ ముగిసేసరికి 5 గెలుపులు, 5 ఓటములు.

పెలీనీని ఒక్క సీజన్‌కే పంపించేశారు. పంపినందుకు దాదాపు 40 లక్షల డాలర్లు ముట్టజెప్పారు. అంటే ఏడాది పని చేసినందుకు ఇచ్చిన దానికంటే, ఇక చేయవద్దని చెప్పినందుకు ఇచ్చింది ఎక్కువ! లినహాన్ కూడా వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఏడాది అక్టోబర్‌లో ఓర్జెరాన్‌కే సెలవు చీటీ ఇచ్చారు. ఆయన వాటా కోటీ డెబ్భై లక్షల డాలర్ల దరిదాపు.

న్యాయంగా చెప్పాలంటే, అసిస్టెంట్లు పోవడం ఒక్కటే కారణం కాదు. ఆ ఛాంపియన్ జట్టులోంచి 14 మందిని ఎన్ఎఫ్ఎల్ తీసుకుపోయింది. కోవిడ్ వల్ల సాధనా సరిగ్గా సాగలేదు. కానీ చూడండి, వీటిని సాకులుగా చెప్పుకునే హక్కు వాళ్లకి లేదు. పద్ధతి మనుషుల మీద ఆధారపడదని చెప్పింది వాళ్లే కదా!

బయటివాణ్ణి తెస్తే ఇలా అయిందని, లోపలివాణ్ణి ఎక్కిస్తే బాగుంటుందని అనుకునేవాళ్లుంటారు. వాళ్లకోసం క్లెమ్సన్ ఉంది. అక్కడ హెడ్ కోచ్ డాబో స్వీనీకి జట్టంటే కుటుంబం. 2021 డిసెంబర్‌లో పదేళ్లుగా డిఫెన్స్ నడిపిన బ్రెంట్ వెనబుల్స్ ఓక్లహోమాకి, అఫెన్స్ చూసిన టోనీ ఇలియట్ వర్జీనియాకి హెడ్ కోచ్‌లుగా వెళ్లారు. స్వీనీ ఇంట్లోవాళ్లకే కట్టబెట్టాడు. డిఫెన్స్ వెస్ గుడ్విన్‌కి ఇచ్చాడు. అంతకుముందు మైదానంలో దిగి ఆడించే కోచ్ కాదతను, వెనక కూచుని వీడియోలు, లెక్కలు చూసేవాడు. అఫెన్స్ బ్రాండన్ స్ట్రీటర్‌కి. ఏడాది తిరిగేసరికి స్ట్రీటర్‌ని తీసేసి, బయటినుంచి గ్యారెట్ రైలీని తెచ్చారు. మూడేళ్లకి గుడ్విన్‌నీ పంపేశారు. కుటుంబం అనే మాటలో ఇదే సుఖం. పెట్టుకునేటప్పుడు జీతం తక్కువైనా సర్దుకోమనవచ్చు, తీసేసేటప్పుడు కన్నీళ్లు పెట్టుకోవచ్చు.

ఈ బాధ లేకుండా బతికినవాడు ఒక్కడే, అలబామాకి హెడ్ కోచ్‌గా చేసిన నిక్ సేబన్. ఆయన దగ్గర ప్రేమలూ లేవు, ప్రకటనలూ లేవు. అసిస్టెంట్లు ఎలాగూ పోతారని తెలుసు కాబట్టి ముందే గోదాం నింపుకున్నాడు. వేరేచోట ఉద్యోగం ఊడిన హెడ్ కోచ్‌లని "అనలిస్టు" అనే పేరుతో చవగ్గా పెట్టుకునేవాడు. టెనెసీ తీసేసిన బుచ్ జోన్స్ అలా అలబామాలో ఏడాదికి 35,000 డాలర్లకి పని చేశాడు. చేయగలడు మరి, తీసేసినందుకు టెనెసీ అతనికి 80 లక్షల డాలర్లకు పైగా బాకీ పడింది! ప్రత్యర్థి కాలేజీ ఖర్చుతో తన ఆఫీసు నింపుకున్న మహానుభావుడు సేబన్.

ఆయన కూడా ఒకసారి బోల్తాపడ్డాడు. అఫెన్స్ కోఆర్డినేటర్ లేన్ కిఫిన్ 2016 డిసెంబర్‌లో ఫ్లోరిడా అట్లాంటిక్‌లో హెడ్ కోచ్ పదవి ఒప్పుకున్నాడు, ఫైనల్ దాకా ఇక్కడా పని చేస్తానన్నాడు. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ. ఫైనల్‌కి వారం ఉందనగా సేబన్ అతన్ని సాగనంపి, గోదాంలోని స్టీవ్ సార్కీసియన్‌కి తాళాలిచ్చాడు. 2017 జనవరి 9న ఒక్క సెకను మిగిలుండగా టచ్‌డౌన్ తిని 35-31తో క్లెమ్సన్ చేతిలో ఓడారు. నెల తిరిగేసరికి సార్కీసియన్ కూడా ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోయాడు.

ఒక్కోసారి లాటరీ తగులుతుంది, కాదనను. 2024 సీజన్ ఛాంపియన్ ఒహాయో స్టేట్ గెలిచిన కొద్ది వారాల్లోనే ఇద్దరు కోఆర్డినేటర్లనీ పోగొట్టుకుంది. డిఫెన్స్‌కి మ్యాట్ పట్రీషియాని తెస్తే చాలామంది నవ్వారు. మరుసటి ఏడాది దేశంలోకెల్లా గట్టి డిఫెన్సుల్లో అదొకటి. వదిలి వెళ్లిన జిమ్ నోల్స్‌ని భారీ జీతమిచ్చి తెచ్చుకున్న పెన్ స్టేట్ మాత్రం అక్టోబర్‌లోనే హెడ్ కోచ్‌ని తీసేసింది. మనిషి విలువ మనిషిది, ఏ చోట ఎలా అతుకుతాడో ఎవరికీ ముందు తెలియదు. ఆ ఒక్క మాట ప్రకటనలో రాయడానికే వాళ్లకి చేయి రాదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది ఇది. ఈ అసిస్టెంట్లే ఊరూరా తిరిగి పదిహేడేళ్ల కుర్రాళ్లని కాలేజీకి తెచ్చేది. వాళ్లింట్లో సోఫాలో కూచుని, తల్లి పెట్టింది తిని, మీ అబ్బాయి బాధ్యత నాదమ్మా అని చెప్పేది. కుర్రాడు డిసెంబర్‌లో సంతకం పెడతాడు. అదే నెలలో బాధ్యత తీసుకున్నాయన విమానం ఎక్కుతాడు. 2021 దాకా పద్ధతి ఏమిటంటే, కోచ్ వెళ్లిన మర్నాడే కొత్తచోట పనిలో చేరవచ్చు, అతన్ని నమ్మి వచ్చిన కుర్రాడు వేరే కాలేజీకి మారితే మాత్రం మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూచోవాలి. ఆ నియమానికి కాలేజీ క్రీడల పెద్దలు చెప్పిన కారణం చదువు దెబ్బతింటుందని! ఆ ఏడాది ఏప్రిల్‌లో గాని దాన్ని సడలించలేదు. సడలించాక కుర్రాళ్లు కూడా కోచ్‌లు చేసిన పనే చేయడం మొదలుపెడితే, విశ్వాసం అనేది లేకుండా పోయిందని వగచినవాళ్లలో కోట్లు తీసుకునే కోచ్‌లే ముందున్నారు.

దేశంలో అత్యుత్తమ అసిస్టెంట్ కోచ్‌కి 1996 నుంచి ఏటా బ్రాయిల్స్ అవార్డు ఇస్తున్నారు. ఆ జాబితా చదవండి. 2014లో ఒహాయో స్టేట్ టామ్ హెర్మన్ అందుకున్నాడు, అదే నెలలో హ్యూస్టన్ హెడ్ కోచ్ అయ్యాడు. 2018లో అలబామా మైక్ లాక్స్‌లీ, అదే నెలలో మేరీలాండ్. 2019లో మన బ్రేడీ. 2020లో సార్కీసియన్ మళ్లీ అలబామా చేరి అందుకున్నాడు, టెక్సస్ వెళ్లాడు. 2021లో మిషిగన్ జాష్ గాటిస్, రెండు నెలల్లో మయామీ. 2022లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ గ్యారెట్ రైలీ, మరుసటి నెలలోనే క్లెమ్సన్. 2024లో నోటర్‌డేమ్ ఆల్ గోల్డెన్, జనవరిలో ఎన్ఎఫ్ఎల్ జట్టు సిన్సినాటీ బెంగాల్స్. ఇన్ని చూశాక కూడా తమవాడికి అవార్డొస్తే కాలేజీలు ఫొటోలు తీయించుకుని పండగ చేసుకుంటాయి. చేతికొచ్చింది టీసీ అని ఎవరూ చెప్పరు.

మధ్యలో 2023 వదిలేశాను. ఆ ఏడాది కథ అయోవాది. అక్కడ హెడ్ కోచ్ కర్క్ ఫెరెంజ్, అఫెన్స్ కోఆర్డినేటర్ ఆయన కొడుకు బ్రయన్. జట్టు పాయింట్లు కొట్టలేక నానా అవస్థ పడుతుంటే, కాలేజీవాళ్లు కొడుకు ఒప్పందంలో ఒక షరతు రాశారు. సగటున ఆటకి 25 పాయింట్లు రావాలి, జీతం కాస్త తగ్గుతుంది. దయతలచి, డిఫెన్స్ కొట్టిన పాయింట్లు కూడా ఆ లెక్కలో కలుపుకోవచ్చన్నారు. అయినా సగటు 15.4 దగ్గర ఆగింది. అసిస్టెంట్లని ఎత్తుకుపోయే దేశంలో ఈ అసిస్టెంట్‌ని ఎత్తుకుపోవడానికి ఎవరూ రాలేదు. చివరికి అక్టోబర్ నెలాఖరున, సీజన్ అయ్యాక అతను ఉండడని కాలేజీయే ప్రకటించాల్సి వచ్చింది. డిసెంబర్‌లో బ్రాయిల్స్ అవార్డు అదే జట్టు డిఫెన్స్ కోఆర్డినేటర్ ఫిల్ పార్కర్‌కి వచ్చింది. అతను ఎక్కడికీ వెళ్లలేదు. 1999లో అయోవాలో చేరినవాడు, మరుసటి సీజన్ కూడా అదే పనిలో ఉన్నాడు.