త్రీ పిన్ టాప్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన త్రీ పిన్ టాప్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంట్లో అలవాటు. ఈసారి ఇక్కడ కుశలం తప్పింది, అందుకే ఈ ఉత్తరం.

మా తులసి సంగతి మీకు తెలుసు. ఒంగోలు పెరట్లోని కోట దగ్గర అమ్మ ఏరిన గింజలవి. హైదరాబాద్‌లో మా ఫ్లాటు బాల్కనీ కుండీలో తనే చల్లింది. రెండేళ్లు గుబురుగా పెరిగింది. పక్క స్థలంలో అయిదంతస్తులు లేచాక మాకు ఎండ పోయింది. తులసి నీడలో బతికే మొక్క కాదు. కాడలు సన్నగా సాగి, ఆకు పాలిపోయింది. కుండీని హాల్లోకి తెచ్చి, పైన 40 వాట్ల ఎల్ఈడీ పట్టీలైటు వేలాడదీశాను. రేకు ఒంటి లైటు అది. దాని వెనక మూడు వైర్లు ఉన్నాయి, ప్లగ్గు లేదు. అద్దె గోడ తొలిచి వైరు లాగలేం. అప్పుడు మిమ్మల్ని నమ్ముకున్నాను.

మీ విషయంలో నేనేమీ తక్కువ చేయలేదు. బ్రౌన్ వైరు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపుపచ్చ చారల ఆకుపచ్చది ఎర్త్ అని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. మూత విప్పి, పిన్నులు అవతలివైపు ఉండేలా మిమ్మల్ని పట్టుకుంటే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. ఆ ప్రకారమే కట్టాను. రాగి పోగులు ఒక్కటీ బయటికి రాకుండా మెలిపెట్టి, కొన రెండుగా మడిచి స్క్రూ కింద పెట్టాను. కొనలకు సాల్డరింగ్ చేయమని ఒకరు చెప్పారు. చేయలేదు. స్క్రూ ఒత్తిడికి ఆ లోహం రోజురోజుకీ నలిగి పట్టు సడలుతుందని తెలుసు. ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా కాస్త పొడుగ్గా వదిలాను. ఎవరైనా లాగితే అన్నిటికన్నా చివర ఊడాల్సింది అదే కదా. బయటి వైరును మీకన్నా కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చాను. నీటి బొట్టు వైరు వెంట జారినా మీదాకా రాకుండా ఆ వంపులోనే రాలిపోతుందని.

ఇంత చేస్తే మీరేం చేశారు?

మీ లోపల ఎల్, ఎన్, ఈ అని అక్షరాలుండాలి, ఒక్కటీ లేదు. పోనీ అనుకున్నాను. ఎర్త్ స్క్రూ మూడో తిప్పుకే మర అరిగి ఊరికే తిరగసాగింది. ఇంకాస్త నెమ్మదిగా తిప్పి, పట్టిందనుకున్నాను. ఆ అనుకోవడం నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ వైరు పట్టీ మాటేమిటి? రెండు స్క్రూల ఆ చిన్న పట్టీ వైరు పైతోలును గట్టిగా అదిమి పట్టాలి. అప్పుడు బయట ఎంత లాగినా ఆ బరువు లోపలి రాగి మీద పడదు. మీ పట్టీ చివరిదాకా బిగించినా వైరు అందులో జారుతూనే ఉంది. లావు వైరుకు తప్ప సన్న వైరుకు మీ దగ్గర చోటు లేదన్నమాట.

ఊడుస్తున్నప్పుడు చీపురు తగిలి వైరు కదిలింది. మరో రోజు కుండీ జరిపితే ఇంకాస్త లాగింది. అరిగిన స్క్రూ కింద నుంచి ఎర్త్ వైరు జారి, దాని ఉత్త కొన పోయి ఫేజు స్క్రూను తాకింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. లైటు మామూలుగానే వెలుగుతోంది. ప్రాణం కాపాడాల్సిన ఆ పచ్చ వైరే 230 వోల్టులను లైటు రేకు దాకా మోసుకెళ్లింది.

ఆ ఉదయం అమ్మ తులసికి నీళ్లు పోసి, తడిచేత్తో లైటు కాస్త పైకి జరపబోయింది.

మెయిన్ బోర్డులో లీకయ్యే కరెంటును పసిగట్టే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి ఆ క్షణమే కరెంటు తెగింది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. చెయ్యి గంటసేపు వణికింది. ఆర్‌సీసీబీ లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఎంసీబీ ఒక్కటే ఉంటుంది. అది వైర్లు కాలకుండా చూస్తుంది గానీ మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటును గుర్తుపట్టదు.

బరువు ఎక్కువైందని మాత్రం అనకండి. మీరు 6 యాంపుల వారు, ఈ లైటు అర యాంపు కూడా లాగదు. మీది బ్రిటిష్ వాళ్ల పాత గుండ్రటి పిన్నుల వంశం. వాళ్లు 1947లో వేరే నమూనాకు మారి, ప్లగ్గు కడుపులోనే ఫ్యూజు పెట్టుకున్నారు. మీలో ఫ్యూజు లేదు. ఉన్నదల్లా మూడు స్క్రూలు, ఒక పట్టీ. ఇంటిల్లిపాదీ వాటి మీదే ఆధారపడి ఉన్నాం. మీ ఎర్త్ పిన్ను మిగతావాటికన్నా పొడుగ్గా చేసింది ఎందుకు? బోర్డులోకి అందరికన్నా ముందు చేరి, చివర బయటికి రావాలని. బయట అంత జాగ్రత్తగా మలిచిన పిన్నుకు లోపల వైరును పట్టి ఉంచే స్క్రూ లేకపోవడం నేను క్షమించలేను.

ఆ రోజే మిమ్మల్ని బోర్డు నుంచి తీసేశాను. మరొకరికి అంటగట్టే ఉద్దేశం లేదు. పిన్నులు వంచి చెత్తలో వేశాను. ఐఎస్ఐ ముద్ర ఉన్న కొత్తదాన్ని దుకాణంలోనే విప్పించి, సన్న వైరు పెట్టి పట్టీ బిగించి చూశాకే డబ్బిచ్చాను. తులసి ఇప్పుడు రోజుకు పన్నెండు గంటలు వెలుతురులో ఉంటోంది, చివర్లలో కొత్త ఆకు వేసింది. అమ్మ ఇంకా దాని దగ్గరికి చెయ్యి చాచడం లేదు. నీళ్లు నన్నే పోయమంటోంది.

ఇళ్లలో మొక్కల లైటుకు ప్లగ్గు కట్టుకుంటున్న వారికి నాదొక్కటే మనవి. మూత బిగించాక, బోర్డులో పెట్టకముందే, వైరు పట్టుకుని ఒకసారి గట్టిగా లాగండి. కదిలితే ఆ ప్లగ్గు వాడకండి.

ఇట్లు,
తులసికి నీళ్లు పోస్తున్న ఒకరు