మయూర్ విహార్ సరంగు

ఢిల్లీలో ఏ తెలుగు సభకి వెళ్ళినా ఒకాయన తగులుతాడు. వేదిక మీద ఉండడు. వెనక వరసలో కూర్చుని, ఆరింటికన్న కార్యక్రమం ఎన్నింటికి మొదలైందో చిన్న పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద కొలువు చేసి రిటైరై, మయూర్ విహార్‌లోనో ద్వారకలోనో నోయిడాలోనో ఉండిపోయినవాడు. ఊరెళ్ళిపోతానంటాడు, వెళ్ళడు. ఈ కోవ మనుషుల్లో కొందరికి హోమియోపతి పడుతుంది, కొందరికి వేదగణితం. గడియారాలు పట్టినవాడితోనే చిక్కు. మందు వద్దనొచ్చు, లెక్కలు రావనొచ్చు. టైముతో పని లేదని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

మా బాబాయిగారు ఈ మూడో రకం. వరసేమీ లేదు, ఢిల్లీలో ఉన్న కాకినాడ వాళ్ళందరికీ ఆయన బాబాయే. ఆయన హాల్లో టీవీ ఉండాల్సిన చోట, గాజు పెట్టెలో, డొక్కలన్నీ బయటికి కనపడే ఇత్తడి గడియారం ఒకటుంటుంది. చావడీ బజార్‌లో ఇత్తడి రేకు తూకానికి కొని, ఒక లేత్ మేస్త్రీ ప్రాణాలు తోడి, పళ్ళు పళ్ళుగా చేయించుకున్నది. ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే వడ్రంగి 1735 నాటికి ఓడల కోసం కట్టిన 34 కిలోల యంత్రం దీనికి మూలపురుషుడు. కాఫీ ఇచ్చేలోపు ఈ సంగతి చెప్పేస్తారు. కాఫీ తాగాక మిగతాది.

"ఉత్తరానికి ఎంత వచ్చామో నక్షత్రం చెబుతుందోయ్. తూర్పుకి ఎంత వచ్చామో గడియారమే చెప్పాలి. రేవులో టైము పెట్టెలో పెట్టుకుని బయల్దేరు. సూర్యుడు నడినెత్తికొచ్చినప్పుడు పెట్టె తీసి చూడు. నాలుగు నిమిషాల తేడాకి ఒక డిగ్రీ. అంతే!"

అలాంటి గడియారం లేని రోజుల్లో, 1707లో సిల్లీ దీవుల దగ్గర ఇంగ్లీషు నౌకాదళం ఓడలు నాలుగు రాళ్ళకి కొట్టుకుని మునిగాయి. సముద్రం మీద తూర్పు పడమరలు తేల్చే ఉపాయానికి 1714లో పార్లమెంటు 20,000 పౌన్ల బహుమానం ప్రకటించింది. లోలకం గడియారం సముద్రం మీద పనికిరాదు, ఓడ ఊగితే అదీ తప్పుతుంది. హారిసన్ రెండు గుండ్ల కడ్డీల్ని జతచేసి, ఒకటి ఇటు ఊగితే రెండోది అటు ఊగేలా స్ప్రింగులు బిగించాడు. ఓడ ఒకదానికి చేసే అన్యాయాన్ని రెండోది సరిచేస్తుంది. నూనె చిక్కబడితే గడియారం మందగిస్తుందని, తనలోనే జిడ్డున్న కర్రతో లోపలి భాగాలు చెక్కాడు. బాబాయిగారు ఆ కర్ర కోసం కీర్తి నగర్ ఫర్నిచర్ కొట్లన్నీ తిరిగారు. "షీషమ్ తీసుకోండి సాబ్, ఐదేళ్ళు వాడితే ఇదీ జిడ్డోడుతుంది" అని ఒకడు హామీ ఇచ్చాడట.

అంతా బాగానే ఉంది. ఈ ఊరికి ఏ దిక్కున చూసినా ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా సముద్రం లేదు. ఆ మాట అంటే ఆయన ముఖం చిన్నబోదు. "భూకంపాలు లేవుటోయ్?" అంటారు. నిజమే, ఢిల్లీది నాలుగో జోను. హిందూకుష్‌లో కదిలితే ఇక్కడ ఫ్యాన్లు ఊగుతాయి. అలా ఊగిన ఒక రాత్రి సొసైటీ అంతా పిల్లాపాపలతో మెట్లు దిగి పరిగెత్తితే, ఈయన తొమ్మిదో అంతస్తులో టార్చి పట్టుకుని కూర్చున్నారు. కింద నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు. "ఒక్క సెకను కూడా తప్పలేదే!" అన్నారట ఆనందంగా. పిన్నిగారు ఏమన్నారో రాయడానికి లేదు.

దేశానికంతటికీ టైమిచ్చే అణుగడియారాలు పూసాలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నాయి. ఆ వైపు వెళ్ళినప్పుడల్లా చేతి గడియారం సరిచూసుకుంటారు, వాళ్ళది తప్పిందేమోనని. అసలు పట్టంతా ఎక్కడంటే, మన టైము 82½ డిగ్రీల రేఖది. ఆ రేఖ మీర్జాపూర్ మీదుగా వచ్చి మన తుని పక్కన సముద్రంలో దిగుతుంది. కాకినాడ దానికి నిమిషం వెనక, తుని కొద్ది సెకన్లు ముందు. పిన్నిగారి పుట్టిల్లు తుని. పెళ్ళైన నాటినుంచీ ఆవిడ తనకంటే నిమిషం ముందే ఉందని, ఇందులో తను చేయగలిగింది లేదని బాబాయిగారు సైన్సు ప్రకారమే ఒప్పుకున్నారు.

ఊరినుంచి చుట్టాలొస్తే ఎర్రకోట ఊసెత్తరు. సవాయి జైసింగ్ 1724లో కట్టించిన జంతర్ మంతర్‌కి తీసుకెళ్ళి, సామ్రాట్ యంత్రం నీడ చూపిస్తారు. "రేఖని బట్టి ఢిల్లీ సూర్యుడు ఇరవయ్యొక్క నిమిషాలు లేటు. సూర్యుడే అంత లేటైతే మన ప్లంబర్ని అని ఏం లాభం?"

హారిసన్ మీద ఆయన అభిమానానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. నాలుగో గడియారం 1761లో జమైకాకి బయల్దేరి, 81 రోజుల్లో తప్పింది 5 సెకన్లే. అయినా బహుమానం ఇవ్వాల్సిన బోర్డు కొర్రీ మీద కొర్రీ వేసింది. చివరికి రాజుగారు కలగజేసుకున్నాక 1773లో, ఎనభయ్యో ఏట, మిగిలిన సొమ్ములో పెద్ద ముక్క చేతికొచ్చింది. ఇది చెప్పేటప్పుడు బాబాయిగారి గొంతు బొంగురుపోతుంది. ఈయన పే ఫిక్సేషన్ ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇంత విద్యా ఒక్కసారి అక్కరకొచ్చింది. గుర్‌గావ్‌లో పెళ్ళి. పిల్ల మనది, పిల్లాడు పంజాబీ. ముహూర్తం కాకినాడ సిద్ధాంతిగారు పెట్టారు. "ఇది కాకినాడ లగ్నమండీ, ఇక్కడికి రావడానికి ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది" అని బాబాయిగారు పంతులుగార్ని నిలదీశారు. పంతులుగారు వెంటనే ఒప్పేసుకున్నారు, ఎటూ బరాత్ రాలేదు కనక. ఇరవై నిమిషాలూ అయ్యాయి. గంటయింది. గుర్రం మీదున్న పెళ్ళికొడుకు గేటు దగ్గరే ఉన్నాడు, ముందు డాన్సాడేవాళ్ళే కదలరు. మూడు గంటలయ్యేసరికి జీలకర్ర బెల్లం ముద్ద ఎండిపోయింది, పిల్ల తండ్రి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు.

బాబాయిగారు లేచారు. "ముహూర్తం ఎక్కడికీ పోలేదు, పడమటికెళ్ళింది. గంటకి పదిహేను డిగ్రీలు, మూడు గంటలకి నలభై అయిదు. డెబ్భై ఏడులోంచి తీసెయ్యండి, ముప్పై రెండు. ఇప్పుడది సూయజ్ కాలవ మీదుంది. దివ్యంగా నడుస్తోంది."

పంతులుగారు విసనకర్ర ఆపారు. "ఆయ్, అలాగేనండి. మరి సంకల్పంలో చెప్పాలి కదా, సూయజ్ శ్రీశైలానికి ఏ దిక్కండీ?"

"వాయవ్యం" అన్నారు బాబాయిగారు తడుముకోకుండా. "దూరం కూడా కావాలంటే..."

"సూయజ్‌లో భోజనాలు పెట్టరు" అన్నారు పిన్నిగారు, ఆయన భుజం మీద కండువా లాగుతూ. "ఇక్కడ గులాబ్‌జామూన్లు అయిపోతున్నాయి, రండి."