సర్వరేల కాగు (సటీకా తాత్పర్యం)

ఆ. చల్లగాలి ముందు చల్లుచు, వెనుకకు
వేడిగాలి పోవ వీలునిచ్చి,
తలుపు మూసియుంచి తాళము వేసిన
సర్వరేల కాగు సామిరంగ!

టీక: సామిరంగ = ఓ సిస్టం అడ్మినూ!; చల్లగాలి = 18 మొదలు 27 డిగ్రీల నడుమనున్న గాలిని; ముందు = ర్యాకులు ఎదురుబొదురుగా నిలిచిన కోల్డ్ ఐల్ యందు; చల్లుచు = ఎత్తునేల కిందినుండి చిల్లుల పలకల గుండా వదలుచు; వెనుకకు = ఫ్యాన్లు ఊదు దిక్కునకు; వేడిగాలి పోవన్ = ఆ గాలి మరల ముందుకు రాక ఏసీని చేరునట్లు; వీలునిచ్చి = కేబుళ్ల చిక్కుముడి తొలగించి; తలుపు మూసియుంచి, తాళము వేసినన్ = స్పష్టము; సర్వరు + ఏల (ఉత్వసంధి) = సర్వరు ఎందులకు; కాగున్ = వేడెక్కును?

తాత్పర్యం: గాలికి వచ్చే దారి, పోయే దారి వేరువేరుగా ఉంచితే సర్వరు వేడెక్కదు.

విశేషాలు: పూర్వ వ్యాఖ్యాతలు ‘చల్లగాలి’ని పట్టుకుని ఏసీని 16 మీద పెట్టి, స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. అది కవి హృదయం కాదు. 27 డిగ్రీల వరకూ లోనికి పోయే గాలి మంచిదేనని శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఆష్రే చెబుతుంది. పద్యానికి ప్రాణం రెండో పాదంలో ఉంది. ర్యాకులో సర్వరు లేని ఖాళీ అర ఉంటే, వెనుక వదిలిన వేడి ఆ సందులోంచి ముందుకొచ్చి, పై అరలోని సర్వరు దాన్నే మళ్లీ పీల్చుకుంటుంది. గది గోడమీది థర్మామీటరు 22 చూపిస్తూనే ఉంటుంది. ఆ సందును మూసే బ్లాంకింగ్ ప్యానెల్ ఒట్టి రేకుముక్క. దాన్ని కొనడానికి బద్ధకించి రెండో ఏసీకి కొటేషన్ అడిగేవారిని కవి మనసులో ఎంత తిట్టుకున్నాడో!

పూర్వపక్షం: ఏసీ ఊసే ఎత్తని కవి తలుపు మూయమన్నాడు కదా, ఫ్యాను చాలదా? సిద్ధాంతం: చాలదు. సర్వరు తాగిన కరెంటంతా చివరికి వేడే. 10 కిలోవాట్ల ర్యాకు ఒక్కదానికే దాదాపు 3 టన్నుల ఏసీ రాత్రింబవళ్లు నడవాలి. ఫ్యాను వేడిని గదిలోనే తిప్పుతుంది, పైపెచ్చు తన వంతు కలుపుతుంది. వేగం రెట్టింపైతే అది తాగే కరెంటు ఎనిమిదింతలు.

‘కాగు’ అనడంలో అతిశయోక్తి ఉంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లోనే అలుక పూని వేగం తగ్గించుకుంటాయి. ఇంకా వేధిస్తే ఆగిపోతాయి. 2022 జూలై 19న ఇంగ్లండులో ఎండ తొలిసారి 40 దాటినప్పుడు, లండన్‌లో గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్ల శీతలీకరణ దెబ్బతిని కొన్ని యంత్రాలను ఆపేయాల్సి వచ్చింది. ఆ ఎండను మే నెలలో బెజవాడవాళ్లు లెక్కే చేయరు.

‘తలుపు మూసి’ అన్నాక ‘తాళము’ ఎందుకంటే, లేకుంటే అట్టపెట్టెలు, పాత మానిటర్లు, దీపావళి సీరియల్ బల్బులు ఆ గదిలోనే చేరతాయి. అర్ధరాత్రి అలారం మోగితే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాత్రం మూలంలో లేదు. ఇక్కడ ఒక పద్యం గ్రంథపాతమైందని పెద్దలు.